షెల్టర్ నుంచి అద్దె గదికి: విశాఖలో నా అనుభవం

2024లో ముగిసిన కేంద్ర పథకం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధన ప్రకారం పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం నూరుగురికి చోటిచ్చే, రోజంతా తెరిచి ఉండే నిరాశ్రయుల వసతి గృహం (షెల్టర్) ఒకటి ఉండాల్సింది. 2011 లెక్కలకే విశాఖపట్నం జనాభా 17 లక్షలు దాటింది. అయితే నేను రాయదలచుకున్నది షెల్టర్ల కొరత గురించి కాదు. నేను స్వచ్ఛందంగా పనిచేసే షెల్టర్‌లో ఉంటున్న ఒక పెద్దాయన అక్కడి నుంచి తన తాళంచెవి తన దగ్గరుండే గదికి మారి, అందులో నిలదొక్కుకోవడానికి ఏమేం అవసరమయ్యాయో చెప్పదలిచాను.

ఆయనది శ్రీకాకుళం జిల్లా. పూర్ణా మార్కెట్‌లో బస్తాలు మోసిన కళాసీ. భార్య పోయాక, మోకాళ్ళు అరిగి పని తగ్గాక, అద్దె కట్టలేక ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లో పడుకునేవారు. ఆధార్ కార్డు సంచీతో సహా పోయింది. కొత్తగా నమోదు చేయిద్దామని కొందరు సలహా ఇచ్చారు గానీ, ఒకే మనిషికి రెండు ఆధార్లు ఉండవు కనుక అలాంటి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఆయనకు వృద్ధాప్య పింఛను ఊళ్ళోనే మంజూరై ఉండడం వల్ల అక్కడి సచివాలయంలో పాత నంబరు దొరికింది. బరువులు మోసీ మోసీ వేలిముద్రలు అరిగిపోవడంతో కంటిపాప ద్వారా గుర్తింపు జరిగింది. ఇక చిరునామా మార్పునకు, షెల్టర్ నిర్వాహకులు ఆధార్ సంస్థ నిర్దేశించిన నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుంది. ఈ వెసులుబాటు సంగతి కౌంటర్లలో కూర్చునేవారిలోనే చాలామందికి తెలియదు కాబట్టి, ఆ నమూనా ప్రతిని వెంట తీసుకువెళ్ళడం మంచిది.

పట్టణ పేదల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టే టిడ్కో ఇల్లు ఇప్పించవచ్చు కదా అని తెలిసినవారందరూ అడిగారు. మూడు వందల చదరపు అడుగుల టిడ్కో ఇంటిని రూపాయికే ఇస్తామని గత ప్రభుత్వం ప్రకటించిన మాట నిజమే. కానీ లబ్ధిదారుల జాబితాలు కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుని, సాధారణంగా ఇల్లాలి పేరున తయారైనవి. భార్య లేని, రేషను కార్డు లేని ఒంటరి మనిషి ఆ జాబితాల్లోకి ఎక్కడం కష్టం. అందుకే అద్దె గదే వెతికాం.

అంతకు ముందు మాలో మాకే ఒక వాదం నడిచింది. పెద్దాయన సాయంత్రాలు కొంచెం తాగుతారు. ముందు మందు మాన్పించి తరువాత గది చూద్దామని షెల్టర్‌లో కొందరు పట్టుబట్టారు. 1992లో న్యూయార్క్‌లో మొదలై తరువాత ఫిన్లండ్ వంటి దేశాలు చేపట్టిన హౌసింగ్ ఫస్ట్ పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు: ఇంటికి ముందు ఏ షరతూ పెట్టరు, ఇల్లు ఇచ్చాక కావలసిన వైద్యం, తోడ్పాటు అందిస్తారు. ఆ మాటకొస్తే, మన వీధుల్లో ఇల్లున్న తాగుబోతులను ఎవరూ ఖాళీ చేయించడం లేదు.

ఆరిలోవలో రేకుల గదుల వరుస ఒకటి దొరికింది. ఇంటి యజమానురాలు అద్దెకు హామీ అడుగుతారనుకున్నాం. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. "డబ్బు సంగతి కాదు బాబూ, ఈయనకి ఎవరూ లేరంటున్నారు. గదిలో ఏదైనా జరిగిందనుకో, నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి. ఎవరొస్తారు?" అన్నారు. ధనిష్ఠా పంచకం భయాన్ని వాదించి పోగొట్టడం నా వల్ల కాదు. కానీ ఆమె ప్రశ్నలో సగం న్యాయమైనదే. జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు తీసుకువెళ్ళే బాధ్యత, అంతకు మించి ఏం జరిగినా అంత్యక్రియల బాధ్యత మాదేనని షెల్టర్ తరఫున ఇద్దరం కాగితం మీద రాసి, ఫోన్ నంబర్లు వేసి సంతకాలు చేశాం. అద్దె ఒప్పందం కంటే ఆ కాగితాన్నే ఆమె భద్రంగా దాచుకున్నారు.

చేరిన తొలి వారాల్లో గదికి తాళం వేసి, ఆయన మళ్ళీ కాంప్లెక్స్ దగ్గరే పడుకున్నారు. గదిలో నిద్ర పట్టదట, పక్కన మనిషి దగ్గు వినబడాలట. మందలించలేదు; షెల్టర్‌లోని ఆయన స్నేహితుణ్ణి కొన్ని రాత్రులు తోడు పంపాం. ఆయనను గదికి అలవాటు చేసింది మాత్రం పింఛనే. ఊరి నుంచి ఆరిలోవ వార్డు సచివాలయానికి బదిలీ అయ్యాక, ఒకటో తేదీన సిబ్బంది ఇంటి గుమ్మంలోనే 4,000 రూపాయలు ఇస్తారు కనుక, ముందు రోజు రాత్రి ఆయన గదిలోనే ఉండేవారు. ఆ డబ్బులోంచి అద్దెను అదే రోజు యజమానురాలికి తానే స్వయంగా ఇవ్వాలని అనుకున్నాం. మా చేతుల మీదుగా వెళితే ఆమె దృష్టిలో ఆయన ఎప్పటికీ షెల్టర్ మనిషిగానే మిగిలిపోతారు.

ఒంటరి సభ్యుడిగా బియ్యం (రేషను) కార్డుకు పెట్టిన దరఖాస్తు ఇంకా నడుస్తోంది. కరెంటు బిల్లు పంపకంపై పక్క గదివాళ్ళతో తగాదా వచ్చి, వేరే మీటరు కావాలని ఆయనే వెళ్ళి యజమానురాలిని అడిగారు. ఆమె ఒప్పుకున్నారు గానీ, ఖర్చు ఎవరిదనే బేరం ఇంకా తెగలేదు.