గడ్డి కోసే ట్రాక్టర్ స్టీరింగ్ లూజైతే: గేరు ఆర్డర్ చేసే ముందు చూడాల్సినవి

అమెరికాలో ఇంటి వెనక అరెకరమో ఎకరమో పచ్చిక ఉన్నవాళ్ళకి రైడింగ్ మోవర్ తప్పదు. నాలుగైదు సీజన్లు నడిచాక వాటిలో చాలా బళ్ళకి వచ్చే జబ్బు ఒకటే. స్టీరింగ్ పావు చుట్టు తిప్పితే గానీ ముందు చక్రాలు కదలవు. లేదా ఒక పక్కకి బాగా తిరిగి, రెండో పక్కకి సగంలో ఆగిపోతుంది. అప్పుడు ఎవరిని అడిగినా "సెక్టర్ గేరు పోయింది, మార్చు" అంటారు. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ కిందున్న బుష్షులు (కడ్డీలు తిరిగే చోట ఉండే చిన్న గొట్టాలు), రాడ్లు చూడకుండా గేరు ఒక్కటే మారిస్తే డబ్బూ పోతుంది, లూజూ మిగిలిపోతుంది.

లోపల ఉన్నదేమిటో ముందు తెలియాలి. స్టీరింగ్ చక్రం కింద పొడుగాటి షాఫ్టు ఉంటుంది. దాని అడుగున కొద్ది పళ్ళున్న చిన్న గేరు, పినియన్. ఆ పినియన్, విసనకర్ర ముక్కలా ఉండే ఇనప పలకని పక్కకి తోస్తుంది. ఆ పలకే సెక్టర్ గేరు. దాని నుంచి డ్రాగ్ లింకు అనే రాడ్డు ముందు ఇరుసు చివరి స్పిండిల్ (చక్రాన్ని మోసే కడ్డీ) చేతికి వెళ్తుంది. కొన్ని మోడళ్ళలో రెండు చక్రాలకీ చెరొక డ్రాగ్ లింకు, కొన్నిట్లో ఒక చక్రానికి డ్రాగ్ లింకు, అక్కణ్ణుంచి రెండోదానికి టై రాడ్. ఇరుసు మధ్యలో ఒక లావు బోల్టు మీద ఊగుతూ ఉంటుంది, నేల ఎత్తుపల్లాలకి తగ్గట్టు.

ఇందులో ప్రతి కీలు దగ్గరా కొంచెం అరుగుదల ఉంటుంది. పినియన్ చిన్నది, సెక్టర్ పెద్దది కాబట్టి స్టీరింగ్ ఎక్కువ తిరిగితే చక్రం తక్కువ తిరుగుతుంది. అదే లెక్క తిరగేస్తే, కింద రాడ్డు చివర రెండు మిల్లీమీటర్ల లూజు పైన మీ చేతిలో అంగుళాల లూజుగా కనిపిస్తుంది. గేరు బాగానే ఉన్నా స్టీరింగ్ వదులుగా అనిపించడానికి కారణం ఇదే.

బండి కిందకి చెయ్యి పెట్టే ముందు: చదునైన కాంక్రీటు మీద నిలపండి, ఇంజను చల్లారనివ్వండి, తాళం తీసేయండి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి దూరంగా కట్టండి, పార్కింగ్ బ్రేకు వేసి వెనక చక్రాలకి రెండు పక్కలా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీతో ముందు భాగం ఎత్తితే జాక్ స్టాండ్లు తప్పకుండా పెట్టాలి, జాకీ ఒక్కదాన్నీ నమ్మకూడదు. చూడ్డానికి సులువని బండిని పక్కకి పడుకోబెట్టొద్దు. ఆయిలు కార్బురేటర్లోకి, ఎయిర్ ఫిల్టర్లోకి పోతుంది, పెట్రోలు కారుతుంది.

మొట్టమొదట గాలి. చాలా లాన్ ట్రాక్టర్లకి ముందు టైర్లలో 14 పీఎస్ఐ, వెనక 10 పీఎస్ఐ చెబుతారు. మీ బండి మాన్యువల్లో ఎంతుందో అదే పెట్టండి. కారు టైర్ల గేజి ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు, 0 నుంచి 20 దాకా చూపే చిన్న గేజి కొనుక్కోండి. ముందు టైర్లలో గాలి తగ్గితే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఒకదాంట్లో తగ్గితే బండి ఆ పక్కకి లాగుతుంది. వెనక టైర్లలో తేడా ఉంటే బండి లాగడమే కాదు, డెక్ (బ్లేడ్లుండే కింది పెట్టె) ఒరిగి గడ్డి ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా కోస్తుంది.

గాలి సరిచేశాక అసలు పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ని ఒక్క రెండంగుళాలు అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. రెండోవారు టార్చి పట్టుకుని పైనుంచి కిందకి చూసుకుంటూ రావాలి, వేళ్ళు మాత్రం గేర్ల దగ్గరికి పోనివ్వకూడదు. స్టీరింగ్ కదిలితే షాఫ్టు కదులుతోందా? షాఫ్టు తిరిగితే పినియన్ తిరుగుతోందా, లేక పక్కకి జరుగుతోందా? పినియన్ తిరిగితే సెక్టర్ వెంటనే కదులుతోందా? సెక్టర్ కదిలితే డ్రాగ్ లింకు దాంతోపాటే కదులుతోందా, లేక రంధ్రంలో బోల్టు ఆడుతోందా? ఎక్కడ కదలిక ఆగిపోతుందో, లోపం అక్కడుంది. పది నిమిషాల పని ఇది. ఇది చేయకుండా ఏ విడిభాగమూ కొనకండి.

తర్వాత ముందు భాగం ఎత్తి, ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. చక్రం మాత్రమే ఊగి స్పిండిల్ కదలకపోతే చక్రం బుష్షు అరిగింది. స్పిండిల్ కూడా కలిసి ఊగితే ఇరుసు గొట్టంలోని బుష్షు అరిగింది. ఇప్పుడు పక్కల పట్టుకుని ఊపండి. ఇక్కడ లూజు కనిపిస్తే రాడ్ల చివర్లు చూడాలి. చివరగా ఇరుసునే ముందుకీ వెనక్కీ తోసి చూడండి. మధ్య బోల్టు దగ్గర టకటక కొట్టుకుంటే అక్కడ బోల్టో బ్రాకెట్టో అరిగినట్టు. ఆ బోల్టు బిగువుగా ఉండాలి గానీ ఇరుసు మాత్రం తేలిగ్గా ఊగాలి.

చక్రం బుష్షులు చవకైనవి, మార్చడం సులువు. హబ్ (చక్రం నడిమి భాగం) మూత పీకి, E ఆకారపు క్లిప్పు తీసి, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకుని చక్రం లాగేయండి. పాత ప్లాస్టిక్ బుష్షుల బదులు అదే కొలత బాల్ బేరింగులు దొరుకుతాయి. ముప్పావు అంగుళం స్పిండిల్ ఉన్న బళ్ళకి ముప్పావు అంగుళం లోపలి వ్యాసం, 1-3/8 అంగుళాల బయటి వ్యాసం ఉన్న ఫ్లాంజ్ (అంచున్న) బేరింగులు ఎక్కువగా వాడతారు. హబ్ లోపల కొలిచాకే కొనండి.

స్టీరింగ్ లూజు కాదు, బిగుసుకుపోయింది అంటే అనుమానించాల్సింది గేరుని కాదు, ఎండిపోయిన స్పిండిల్‌ని. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) ఉంటే ముందు చక్రాలు గాలిలోకి ఎత్తి, పాతది బయటికొచ్చి కొత్త గ్రీజు కనిపించేదాకా గన్నుతో కొట్టండి. బండి బరువు స్పిండిల్ మీద ఉంటే, బరువు నొక్కుకునే చోటికే గ్రీజు చేరదు. నిపుల్ మూసుకుపోతే విప్పి కొత్తది పెట్టండి, పెద్ద ఖర్చేమీ కాదు. నిపుల్ లేకపోతే పైన క్లిప్పు తీసి స్పిండిల్ కిందకి దించి, తుప్పు ఎమరీ పేపరుతో రుద్ది, గ్రీజు పూసి మళ్ళీ ఎక్కించాలి. నైలాన్ బుష్షులున్న కీళ్ళ సంగతి వేరు. అక్కడ జిడ్డు దుమ్ముని పట్టేస్తుంది, కొన్ని మాన్యువళ్ళు నూనె, గ్రీజు వద్దనే చెబుతాయి. తప్పదనుకుంటే పొడి గ్రాఫైట్ కొద్దిగా చల్లితే చాలు.

డ్రాగ్ లింకు, టై రాడ్ చివర బాల్ జాయింటు ఉంటే, గుండు గిన్నెలో ఆడితే అది పోయినట్టే. బోల్టుతో కట్టే రకమైతే రంధ్రం చూడండి. గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటే కొత్త బోల్టు వేసినా లూజు పోదు, ఆ భాగమే మార్చాలి. 3/8 అంగుళం బోల్టుకి 9/16 పానా పడుతుంది. ఒకసారి విప్పిన నైలాన్ లాక్ నట్టు మళ్ళీ అంత గట్టిగా పట్టదు, కొత్తది వేయండి. మొద్దుకి గుద్దుకుని వంగిన రాడ్డుని సుత్తితో సాపు చేసి వాడకండి, వంగిన చోటే బలం పోయి ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. స్టీరింగ్ రాడ్డు వాలు మీద విరిగితే ప్రమాదం.

మరలున్న రాడ్డు విప్పే ముందు మరలెన్ని బయట ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. బిగించాక టో-ఇన్, అంటే చక్రాలు ముందు వైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయో కొలవాలి. స్టీరింగ్ నిటారుగా పెట్టి, ఇరుసు ఎత్తులో రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరం ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి కొలవండి. చాలా మోడళ్ళలో ముందు కొలత వెనకదాని కన్నా సుమారు 1/8 అంగుళం తక్కువ ఉండాలి. ముందు వైపు ఎక్కువుంటే బండి తిన్నగా నడవదు. కొన్ని బళ్ళకి ఈ సర్దుబాటే ఉండదు. అక్కడ కొలత తేడా వచ్చిందంటే ఏదో వంగిందని అర్థం.

ఇవన్నీ సరిగా ఉండి, పినియన్ తిరిగినా సెక్టర్ కదలకపోతే, అప్పుడు గేరుదే తప్పు. దాని పళ్ళు చూడగానే తెలుస్తుంది. కోసేటప్పుడు బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి బరువంతా మధ్య పళ్ళ మీదే. అంచు పళ్ళు కొత్తవాటిలా ఉండి, మధ్యవి మొన తేలి ఉంటే అరిగినట్టే. అయితే అరగడానికి కారణం చాలాసార్లు పినియన్ పక్కనుండే షాఫ్టు బుష్షు. అది అరిగితే పినియన్ దూరంగా జరిగి, పళ్ళు కొసల మీద మాత్రమే తగులుతాయి. ఇంకొన్నాళ్ళకి కటకటమని జారతాయి. అందుకే సెక్టర్, పినియన్, బుష్షు మూడూ ఒకేసారి మార్చండి. అరిగిన పినియన్‌కి కొత్త సెక్టర్ జోడిస్తే కొత్తది తొందరగా పాడవుతుంది.

విడిభాగాలు బండి పేరు చూసి కాక మోడల్ నంబరుతో వెతకండి. అది చాలా బళ్ళలో సీటు కింద స్టిక్కరు మీద ఉంటుంది. సియర్స్ దుకాణాలు అమ్మిన పాత క్రాఫ్ట్స్‌మన్ బ్రాండు బండి అయితే నంబరు మొదటి మూడంకెలు తయారీదారుని చెబుతాయి: 917 అంటే అమెరికన్ యార్డ్ ప్రొడక్ట్స్, 247 అంటే ఎంటీడీ. ఒకే రంగు, ఒకే పేరు ఉన్నా రెండిటి గేర్లు వేరు.

మార్చేటప్పుడు డెక్ దించేయాలి. చాలా మోడళ్ళలో బ్యాటరీ కూడా తీయాల్సి వస్తుంది, మైనస్ వైరు ముందు విప్పండి. స్టీరింగ్ మధ్య మూత పీకితే బోల్టు కనిపిస్తుంది. స్టీరింగ్ చక్రం షాఫ్టుకి తుప్పుతో అతుక్కుంటే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదలండి. తర్వాత బోల్టుని నాలుగైదు మరలు మాత్రం ఎక్కించి ఉంచి, కిందనుంచి చెక్కముక్క ఆనించి కొట్టండి. ఆ బోల్టు ఉంటే మరలు పాడవవు, చక్రం ఒక్కసారిగా ఊడి మొహానికి తగలదు.

బిగింపులో జరిగే పెద్ద పొరపాటు మధ్య పన్ను తప్పడం. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, సెక్టర్ సరిగ్గా మధ్య పన్ను పినియన్‌లో కూర్చునేలా జతచేయాలి. ఒక్క పన్ను తప్పినా బండి ఒక పక్కకి ఎక్కువ, ఒక పక్కకి తక్కువ తిరుగుతుంది. అన్నీ పూర్తిగా బిగించే ముందు షాఫ్టుని రెండు చివర్లకీ తిప్పి చుట్లు లెక్కపెట్టండి, రెండు పక్కలా సమానం రావాలి. స్టీరింగ్ చక్రాన్ని అన్నిటికన్నా చివర్లో, నిటారుగా ఉండేలా ఎక్కించండి. పినియన్ పళ్ళు సెక్టర్ మందం మొత్తం మీద కూర్చోక సగమే తగులుతుంటే, కింద ఒక వాషరు వేసి సరిచేయొచ్చు.

స్టీరింగ్‌లో ఏ లోపమూ లేకుండానే బండి మాట వినని సందర్భం ఒకటుంది. వెనక గడ్డి సంచులు తగిలించి అవి నిండితే ముందు భాగం తేలికై చక్రాలు నేలని పట్టవు. దానికి మందు ముందు బంపర్ మీద కట్టే బరువు దిమ్మలు. వాలు మీద పైకీ కిందకీ కోయండి, అడ్డంగా కాదు. 15 డిగ్రీలు దాటిన వాలు మీదకి బండి తీసుకెళ్ళనే వద్దు.

మరమ్మతు అయ్యాక బ్లేడ్లు తిరగనివ్వకుండా, నెమ్మదిగా, చదును మీద ఎనిమిది అంకె ఆకారంలో రెండు మూడుసార్లు నడపండి. రెండు మూడు గంటలు కోశాక మళ్ళీ దిగి, విప్పిన ప్రతి నట్టుకీ పానా వేసి చూడండి. కొత్త బుష్షులు కుదురుకునేటప్పుడు నట్లు కొంచెం వదులవుతాయి.