ఎడమకే తిరుగుతారట!

ఏటా ఫిబ్రవరిలో, నాస్కార్ అనే కార్ల రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన డేటోనా 500 దగ్గర పడగానే అమెరికా స్పోర్ట్స్ పేజీల్లో ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. రాసినాయన పేరు మారుతుంది, పత్రిక మారుతుంది, సరుకు మాత్రం అదే. నాస్కార్ అసలు ఆటే కాదు, డ్రైవర్లు అథ్లెట్లు కారు, నాలుగు గంటలపాటు ఎడమకి తిరిగే కార్లను చూడటానికి ఇంతమంది ఎందుకొస్తారో అర్థం కాదు. ఆ తర్వాత ఏదో పెద్ద యాక్సిడెంట్ అయితే తప్ప ఆయన మళ్ళీ రేసింగ్ ఊసెత్తడు. షార్లట్‌లో ఉంటూ, ఆదివారం మధ్యాహ్నం రిమోట్ కోసం పోట్లాడి మరీ రేసు పెట్టించుకునే నాకు ఇవి చదివితే ఒళ్ళు మండుతుంది.

నాస్కార్‌ని తిట్టకూడదని కాదు. తిట్టాల్సినవి చాలానే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. చూడకుండా తిట్టడమే నాకు నచ్చదు. టెస్ట్ మ్యాచ్‌ని "వాడు వేస్తాడు, వీడు ఆపుతాడు, ఇందులో ఏముంది" అనేవాణ్ణి ఏ ఎడిటరైనా క్రికెట్ రాయమని పంపుతాడా?

సరే, ఎడమకే తిరుగుతారు. కానీ ఎక్కడ? టాలడేగా చుట్టుకొలత 2.66 మైళ్ళు, మలుపుల్లో వాలు 33 డిగ్రీలు. అక్కడ ల్యాపుల తరబడి బ్రేకు జోలికే పోరు. మార్టిన్స్‌విల్ అర మైలు కన్నా కాస్త ఎక్కువ, పేపర్ క్లిప్ ఆకారం. అక్కడ ప్రతి మలుపులోనూ బ్రేకు గట్టిగా తొక్కాల్సిందే. ఇక డార్లింగ్టన్. 1950లో మొదటి రేసు జరిగిన ఈ ట్రాక్ కట్టేటప్పుడు, పక్కనున్న చిన్నచేపల చెరువు జోలికి రామని స్థలం ఇచ్చినాయనకి మాటిచ్చారు. దాంతో ఒక కొస ఇరుకైపోయి ట్రాక్ కాస్తా కోడిగుడ్డులా తయారైంది. ఆ కొసకి కుదిరేలా కారు సెట్ చేస్తే ఈ కొసలో మొండికేస్తుంది. ఒక్క చెరువు డెబ్బై ఏళ్ళకి పైగా ఇంతమంది ఇంజనీర్ల నిద్ర పాడుచేస్తోందంటే, దాని మీదే ఒక మంచి వ్యాసం రాయొచ్చు. అన్నట్టు సోనోమాలో, వాట్కిన్స్ గ్లెన్‌లో కుడికి కూడా తిరుగుతారు. చెప్పినా వినరనుకోండి.

డ్రైవర్లు అథ్లెట్లు కారన్న మాటకి నా దగ్గర పెద్ద వాదనేం లేదు. మే నెలాఖరున మా షార్లట్‌లో 600 మైళ్ళ రేసు, అంటే 400 ల్యాపులు. కారులో వేడి 50 డిగ్రీలు దాటుతుంది, మధ్యలో హాఫ్ టైం ఉండదు. 2009లో అసోసియేటెడ్ ప్రెస్ ఆ ఏటి మేటి పురుష అథ్లెట్‌గా జిమ్మీ జాన్సన్‌ని ఎంపిక చేసింది. ఒక రేస్ డ్రైవర్‌కి అది దక్కడం అదే మొదటిసారి. ఓట్లేసింది పత్రికల వాళ్ళే. వాళ్ళలో వాళ్ళే తేల్చుకోవాలి మరి.

ఈ రాసేవాళ్ళు ఒక్కసారి ట్రాక్‌కి వెళ్ళి, ప్రెస్ బాక్స్‌లో కాకుండా జనంలో కూర్చుని, డ్రైవరూ టీమూ రేడియోలో మాట్లాడుకునేది వినిపించే స్కానర్ అద్దెకి తీసుకుని చెవులకి పెట్టుకుంటే బాగుండు. తలని కదలనివ్వని సీటులో డ్రైవర్‌కి పక్కనున్నది సరిగా కనిపించదు. స్టాండ్స్ రూఫ్ మీద నిలబడి రేడియోలో దారి చెప్పే స్పాటరే అతని కళ్ళు. "అవుట్‌సైడ్... స్టిల్ దేర్... స్టిల్ దేర్... క్లియర్." ఆ "క్లియర్" ఒక్క క్షణం ముందొస్తే ఇరవై కార్లు తుక్కు. మధ్యలో డ్రైవర్ విసుక్కుంటాడు, టైట్‌గా ఉంది, ముందు టైర్లు తిరగనంటున్నాయని. టీమ్‌ని నడిపించే క్రూ చీఫ్ రెండు ముక్కల్లో ఏదో చెప్తాడు. పిట్‌లోకి వచ్చినప్పుడు నాలుగు టైర్లు మార్చి, పెట్రోలు పోసే ఆ పది సెకన్లలోనే ఒకతను వెనక అద్దంలో ఉన్న రంధ్రంలోంచి పొడుగాటి రెంచి దూర్చి, కారు తిరిగే తీరు మారేలా ఒక తిప్పు తిప్పుతాడు. పది ల్యాపులయ్యాక అదే డ్రైవర్ గొంతు వింటే ఆ తిప్పు పనిచేసిందో లేదో మనకే తెలిసిపోతుంది. స్కానర్ లేకపోతే ఇదంతా గుండ్రంగా తిరగడమే, ఒప్పుకుంటాను.

జనం యాక్సిడెంట్ల కోసమే వస్తారన్నది ఇంకో మాట. 2000 మే నుంచి 2001 ఫిబ్రవరి లోపు నలుగురు డ్రైవర్లు పోయారు. ఆఖరివాడు డేల్ ఎర్న్‌హార్ట్, డేటోనా చివరి ల్యాపులో. ఆ తర్వాత మెడని పట్టి ఉంచే హాన్స్ పరికరం తప్పనిసరి అయింది, గోడల ముందు స్టీలు, ఫోమ్‌తో దెబ్బని పీల్చుకునే సేఫర్ గోడలు వచ్చాయి. అప్పట్నుంచి పై మూడు జాతీయ సిరీస్‌ల రేసుల్లో ఒక్క డ్రైవరూ చనిపోలేదు. 2020లో ర్యాన్ న్యూమన్ కారు తిరగబడి, దాన్ని ఇంకోటి గుద్దినప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. రెండ్రోజులకి అతను కూతుళ్ళ చేతులు పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి బయటికొచ్చాడు. యాక్సిడెంట్ వీడియో పైన పెట్టి, కింద జనానికి నీతులు చెప్పినవాళ్ళకి ఆ గోడ గురించి రాయడానికి మాత్రం చోటు దొరకదు.

నాస్కార్‌ని నిజంగా కడిగేయాలంటే వెండెల్ స్కాట్ సంగతి ఉంది. 1963 డిసెంబరులో జాక్సన్‌విల్‌లో నెగ్గాడు, నాస్కార్ పై స్థాయి రేసులో గెలిచిన తొలి నల్లజాతి డ్రైవర్. ఆ రోజు మాత్రం గెలిచింది బక్ బేకర్ అని ప్రకటించారు. లెక్కలో పొరపాటని తర్వాత విజయాన్ని స్కాట్ పేరున రాశారు కానీ, ట్రోఫీ అతని కుటుంబం చేతికి అందింది 2021లో. అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ప్రతి రేసులో టీములకి చోటు, ఆదాయంలో వాటా ఖాయం చేసే ఛార్టర్లనే 36 సీట్ల మీద మైకేల్ జోర్డన్ టీమ్ 2024లో కోర్టుకెక్కింది, 2025 డిసెంబరులో రాజీ కుదిరింది. డబ్బు ఎవరికెంత పోతోందన్నది అందులోనే ఉంది. 2022లో అన్ని టీములకీ వచ్చిన కొత్త మోడల్ కారు చిన్న ట్రాకుల మీద ముందు కారుని దాటలేక ఎలా అవస్థ పడుతోందో ఏ అభిమానిని అడిగినా గంటసేపు చెప్తాడు.

అభిమానులం మాలో మేమే బోలెడంత కొట్టుకుంటాం. 2024 మార్చిలో బ్రిస్టల్‌లో టైర్లు ఎవరూ ఊహించనంత త్వరగా అరిగిపోయాయి. గ్యాస్ తొక్కినవాడు వెనకబడ్డాడు, ఓపికపట్టినవాడు ముందుకొచ్చాడు. మొదటి స్థానం 54 సార్లు చేతులు మారి, చివరికి డెనీ హామ్లిన్ గెలిచాడు. నేను చూసిన మంచి రేసుల్లో అదొకటి. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. టైర్లు దాచుకుంటూ నెమ్మదిగా తోలడం రేసెలా అవుతుందంటాడు. టైర్లు అరక్కపోతే డ్రైవర్ గొప్పేముంది, కారు గొప్పే కదా అని నేనంటాను.