సముద్రం లాగదు, నొక్కుతుంది

కార్బన్ ఫైబర్ స్టీలు కంటే గట్టిది కదా, నీళ్లలో ఎందుకంత జాగ్రత్త అని మా జూనియర్లు అడుగుతుంటారు. ఆ గట్టిదనం ముఖ్యంగా లాగినప్పటిది. సముద్రం నొక్కుతుంది. అప్పుడు ఫైబర్ వంగిపోకుండా పట్టుకునేది రెసిన్, అంటే పోగులను కలిపి ఉంచే జిగురులాంటి పదార్థం. లోపల గాలి బుడగలున్నా, పొర ముడత పడినా ఆ ఆసరా తగ్గిపోతుంది.

సముద్రం లోతుకు దిగే, మనుషులు లేని వాహనాలకు నేను సిలిండర్ హల్స్ (నీటి ఒత్తిడిని తట్టుకునే గోడలు) డిజైన్ చేస్తాను. రెండు చివరలూ మూసిన సిలిండర్‌లో చుట్టుకొలత వెంబడి వచ్చే స్ట్రెస్, పొడవు వెంబడి వచ్చేదానికి దాదాపు రెట్టింపు. అందుకే చుట్టూ తిరిగే పొరలు ఎక్కువ వేస్తాం. నాకు అసలు టెన్షన్ చివరల దగ్గరే. అక్కడ అతికించే టైటానియం రింగూ, కాంపోజిట్టూ (ఫైబర్, రెసిన్ కలిసిన గోడ) ఒకేలా కుంచించుకోవు. ఆ తేడా అంతా జిగురు అతుకు మీద పడుతుంది.

2023 జూన్ 18న టైటానిక్ దగ్గరికి దిగుతూ నలిగిపోయిన టైటాన్ అనే సబ్‌మెర్సిబుల్ కార్బన్ ఫైబర్ గోడ మందం సుమారు 127 మిల్లీమీటర్లు. దర్యాప్తులో ఆ గోడలో ముడతలు, ఖాళీలు బయటపడ్డాయి. ఐదుగురు చనిపోయారు. ఆ రిపోర్టు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

లోతు సముద్రంలోకి మనుషులను తీసుకెళ్లే మన దేశపు సబ్‌మెర్సిబుల్ మత్స్య 6000లో వాళ్లు కూర్చునేది 80 మిల్లీమీటర్ల మందమున్న టైటానియం గోళంలో. అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. కాంపోజిట్ తేలిక, బ్యాటరీలకు బరువు మిగులుస్తుంది. కెమెరాలు, సెన్సర్లు మోసే వాహనాలకు దాన్ని నేను వదలను. అల్ట్రాసౌండ్ స్కాన్ చేయకుండా, ప్రెషర్ ట్యాంకులో పదేపదే నొక్కి చూడకుండా మాత్రం ఏ హల్‌నీ నీళ్లలోకి దించనివ్వను.