బాధ ఎవరిది?

బెంగళూరు జయనగర్‌లో టిఫిన్ అయ్యాక మా తెలుగువాళ్లం చాలాసేపు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాం: మాట్లాడే యంత్రానికి అనుభవం ఉంటుందా? సీనియర్ ఒకాయన తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో చెప్పిన చైనీస్ గది అనే ఊహాప్రయోగం సంగతి ఎత్తారు. గదిలో ఉన్నవాడికి చైనీస్ ఒక్క ముక్క రాదు. నియమాలు చూసుకుంటూ అక్షరాలు పేర్చి బయటికి పంపుతుంటాడు. బయటివాళ్లు మాత్రం వాడికి భాష వచ్చనే అనుకుంటారు. జవాబు సరిగ్గా వచ్చినంత మాత్రాన అర్థమైనట్టా? నాకైతే ఈ వాదన ఇప్పటికీ గట్టిగానే కనిపిస్తుంది.

ఇంగ్లండ్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లోనే జంతువుల గురించి రాస్తూ, అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అన్నాడు. ఆ మాట రాగానే మా వదిన అందుకుంది: "బాధ ఉందని అందరికీ తెలిసినవాళ్ల సంగతేంటి మరి?"

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చిన దళిత కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగే. వదిన అన్నది ఇలాంటివాళ్ల గురించే. మురుగు పని సంగతీ అంతే: రక్షణ పరికరాల్లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది, అయినా దేశంలో మ్యాన్‌హోల్ చావులు ఆగలేదు.

యంత్రాల చర్చ వృథా అని నేననను, అదీ కావాలి. ఈసారి మాత్రం వదిన ప్రశ్నతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాను. అందరూ సరేనన్నారు.