డీఎడ్డా, బీఎడ్డా? టీచర్ ఉద్యోగం కోసం చదివేవాళ్ళకు నా ప్రిపరేషన్ అనుభవాలు

టీచర్ కావాలని కష్టపడుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్తే. తెలంగాణలో ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ 2024లో బయలాజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌గా (హైస్కూల్ టీచర్‌గా) ఎంపికయ్యాను. మా చెల్లి అదే డీఎస్సీలో ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) అయింది. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు దారుల్లో వెళ్ళాం కాబట్టి ఈ రెండింటి గురించీ దగ్గరగా చూసింది చెప్పగలను. రోజూ ఎవరో ఒకరు "ఏ బుక్స్ చదివావక్కా, ఎన్ని గంటలు చదివావు?" అని అడుగుతుంటారు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ కాలేజీలో చేరాలి, అక్కడ ఆ రెండేళ్ళు ఏం చేయాలి? నా లెక్కలో ప్రిపరేషన్ అక్కడే మొదలవుతుంది.

ముందు దారుల సంగతి. ఇంటర్ అయ్యాక డీసెట్ రాసి రెండేళ్ళ డీఎడ్ చేస్తే ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే ఎస్జీటీ పోస్టుకు అర్హత వస్తుంది. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45. డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళ బీఎడ్ చేస్తే హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ పోస్టు. దీనికి డిగ్రీలో 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం కావాలి. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు కూడా వచ్చింది. దానికి జాతీయ స్థాయిలో ఎన్‌సెట్ రాయాలి. మన గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది కానీ ఉర్దూ వచ్చినవాళ్ళకే అది పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. "బీఎడ్ చేస్తే చాలు, ఎస్జీటీకీ రాయొచ్చు, స్కూల్ అసిస్టెంట్‌కీ రాయొచ్చు" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆ రోజులు పోయాయి. ప్రైమరీ టీచర్ పోస్టుకు బీఎడ్ కూడా చెల్లుతుందని 2018లో ఎన్‌సీటీఈ (టీచర్ల చదువులకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి) ఇచ్చిన నోటిఫికేషన్‌ను 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి ప్రత్యేక శిక్షణ కావాలి, అది డీఎడ్‌లోనే ఉంటుందన్నది అందులోని సారం. ఆ తీర్పు న్యాయమైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. అక్షరం రాని పిల్లాడికి అక్షరం నేర్పించడం ఎంత పెద్ద విద్యో మా చెల్లి క్లాసులో కూర్చుని చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ఇంటర్ సెకండియర్‌లో ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి. డీఎస్సీ 2024లో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఈ అంకెలు చూడగానే డీఎడ్ వైపు మనసు లాగుతుంది. కానీ ఐదేళ్ళ పిల్లలతో రోజంతా గడపడం మీకు ఇష్టమా, లేక ఒకే సబ్జెక్టును లోతుగా చెప్పడం ఇష్టమా అన్నది తేల్చుకున్నాకే పోస్టుల లెక్క చూడండి. మా చెల్లికి పసిపిల్లలంటే ప్రాణం. నాకు మైక్రోస్కోప్ దొరికితే చాలు.

ఎడ్‌సెట్ గురించి ఎక్కువ చెప్పను. 150 ప్రశ్నలు, రెండు గంటలు. లెక్కలు, సైన్స్, సోషల్ పదో తరగతి స్థాయిలో వస్తాయి. వాటితో పాటు ఇంగ్లిష్, జీకే, కంప్యూటర్, టీచింగ్ ఆప్టిట్యూడ్ ఉంటాయి. క్వాలిఫై కావడం కష్టం కాదు, మంచి ర్యాంకు తెచ్చుకోవడమే కష్టం. ఆ ర్యాంకు ఎందుకంటే, మాసబ్‌ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఎడ్ కాలేజీ ఐఏఎస్ఈ, ఉస్మానియా యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కాలేజీ లాంటి చోట సీటు రావాలి కాబట్టి. "కాలేజీకి రానక్కర్లేదు, రికార్డులు మేమే చూసుకుంటాం" అనే కాలేజీల జోలికి మాత్రం దయచేసి పోకండి. ఆ మాటకు లొంగి చేరిన నా స్నేహితురాలికి బీఎడ్ సర్టిఫికెట్ చేతికొచ్చింది గానీ, పీరియడ్ ప్లాన్ ఎలా రాయాలో ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. తర్వాత కోచింగ్‌కు డబ్బు కట్టి అదే నేర్చుకుంది.

ఒక చిన్న లెక్క చూడండి. స్కూల్ అసిస్టెంట్ డీఎస్సీ 80 మార్కులకు. ఒక్కో ప్రశ్నకు అర మార్కు, మొత్తం 160 ప్రశ్నలు. అందులో కంటెంట్ 44, మెథడాలజీ (బోధన పద్ధతులు) 16, విద్యా దృక్పథాలు 10, జీకే 10. అంటే మెథడాలజీ, విద్యా దృక్పథాలు కలిపి 26 మార్కులు సూటిగా బీఎడ్ క్లాసుల్లోంచే వస్తాయి. డీఎస్సీ రాయాలంటే ముందు పాసవ్వాల్సిన అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి (బోధనా శాస్త్రానికి) ఇంకో 30. వీటిని రెండేళ్ళ పాటు కాలేజీలో విని, బడిలో వాడి చూసినవాళ్ళకూ, పరీక్ష ముందు బిట్ బ్యాంకు పట్టుకుని బట్టీ పట్టినవాళ్ళకూ తేడా ఉండదంటే నేను ఒప్పుకోను.

నా సంగతే చెప్తాను. ఇంటర్న్‌షిప్‌లో ఏడో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్తున్నాను. పత్రహరితం ఉంటేనే ఆకు ఆహారం తయారుచేసుకుంటుందని చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. "టీచర్, మరి ఎర్ర తోటకూర సంగతేంది? అది ఎట్ల బతుకుతది?" అని అడిగింది. మర్నాడు బజార్లో ఎర్ర తోటకూర కట్ట కొని తీసుకెళ్ళి, క్లాసులోనే నీళ్ళలో ఉడికించాను. ఎరుపంతా నీళ్ళలోకి దిగిపోయి ఆకు పచ్చగా తేలింది. "అరె, మా అమ్మ కూర వండేటప్పుడు గిట్లనే అయితది టీచర్!" అని పక్క పిల్లాడు అరిచాడు. పత్రహరితం అందులోనూ ఉంది, ఎరుపు దాన్ని కప్పేసిందంతే. ఆ పిల్ల అక్కడితో ఆగలేదు, "క్రోటన్ ఆకుల్ల గూడ గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

జ్ఞానం, అవగాహన, వినియోగం అనే లక్ష్యాలు, వాటి స్పష్టీకరణలు అప్పటిదాకా నాకు నోట్సులో గీతలు గీసుకున్న మాటలు. నేర్చుకున్నదాన్ని ఆ పిల్ల ఇంకో మొక్కకు అన్వయించిన ఆ నిమిషం నుంచి 'వినియోగం' అంటే ఏమిటో నాకు మళ్ళీ చదవాల్సిన అవసరం రాలేదు. పరీక్షలో ఏ సందర్భం ఇచ్చి "ఇది ఏ లక్ష్యం?" అని అడిగినా నాకు ఆ క్లాసే కళ్ళముందుకు వస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చెప్పిన మూర్త ప్రచాలక దశ (పిల్లలు కంటికి కనిపించే వస్తువులతో ఆలోచించే దశ) కూడా అంతే, దాన్ని చెల్లి బళ్ళో రెండో తరగతి పిల్లలు గింజలు లెక్కపెడుతుంటే చూసి అర్థం చేసుకున్నాను. ఇంటర్న్‌షిప్‌ను సంతకాల కోసం చేయకండి. రోజూ ఇంటికొచ్చాక పిల్లలు అడిగిన ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, మీ మెథడాలజీ నోట్సు అదే.

ఇక టెట్. చాలామంది "క్వాలిఫై అయితే చాలు" అనుకుని వదిలేస్తారు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాసే, దానికి జీవితకాలం విలువ ఉంటుంది, నిజమే. కానీ డీఎస్సీలో టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంది. టెట్‌లో 90 వస్తే 12 కలుస్తాయి, 120 వస్తే 16. ఆ నాలుగు మార్కుల తేడా పూడ్చాలంటే డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలు ఎక్కువ చేయాలి! అర మార్కులో పదుల మంది ఉండే చోట అది ఎంత దూరమో ఆలోచించండి. తెలంగాణలో ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు టెట్ పెడుతున్నారు కాబట్టి మార్కులు పెంచుకునే వీలుంది, వాడుకోండి.

నాలాంటి బైపీసీ వాళ్ళకు టెట్‌లో స్కూల్ అసిస్టెంట్ కావాలనుకునేవాళ్ళు రాసే పేపర్ 2లో అసలు భయం లెక్కలు. 60 మార్కుల్లో 30 లెక్కలే, మిగిలిన 30 సైన్సులో ఫిజికల్ సైన్స్ కూడా కలిసుంటుంది. ఆరు నుంచి పది వరకు ఎస్సీఈఆర్టీ (ప్రభుత్వ బడుల్లో వాడే) లెక్కల పుస్తకాలు ముందేసుకుని, ఉదాహరణ లెక్కలన్నీ జవాబు మూసిపెట్టి చేశాను. ఏ గైడూ కొనలేదు. కంటెంట్‌కు కూడా నా మాట ఇదే: పాఠ్యపుస్తకమే చదవండి, పటాలతో సహా, పాఠం చివర 'అభ్యసనాన్ని మెరుగుపరచుకుందాం'లోని ప్రశ్నలతో సహా. డీఎస్సీకి మాత్రం ఇంటర్ స్థాయి దాకా వెళ్ళాలి. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లను తప్పు పట్టను, విద్యా దృక్పథాలకు, జీకేకు అవి కొంత ఉపయోగపడతాయి. సబ్జెక్టు కంటెంట్ కోసం వేలకు వేలు పోయడం మాత్రం నాకు మనసొప్పదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే వెళ్తే కుర్చీ దొరుకుతుంది, పక్కన చదివేవాళ్ళతో చర్చించుకోవచ్చు. అక్కడ ఒక తమ్ముడు నాకు లాభనష్టాలు చెప్తే నేను అతనికి రక్తప్రసరణ చెప్పేదాన్ని. ఒకరికి చెప్పగలిగిందే మనకు వచ్చినట్టు.

2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) తర్వాత 2024 దాకా ఎంత ఎదురుచూశామో మీకు తెలుసు. అలాంటి గ్యాప్‌లో ఇంట్లో కూర్చోకుండా జీతం తక్కువైనా ఏదో ఒక బళ్ళో పాఠం చెప్పండి. రోజూ పాఠం చెప్పేవాళ్ళకు కంటెంట్ మరపుకు రాదు.

బీఎడ్, డీఎడ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్ళు టెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, కోర్సు పూర్తయ్యేదాకా ఆగకండి. ఇంకో పని ఈ వారమే చేయండి. మీరు ఏ జిల్లాకు లోకల్ అభ్యర్థో తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే, అందులో కనీసం నాలుగేళ్ళు ఒకే జిల్లాలో చదివుండాలి. హైదరాబాద్‌లో గల్లీకో చిన్న ప్రైవేటు స్కూలు పుట్టి మూతపడుతుంటుంది. మీరు చదివిన స్కూలు ఇంకా ఉండగానే స్టడీ సర్టిఫికెట్లు తెచ్చి ఫైల్లో పెట్టుకోండి. 2024లో ఫలితాలు సెప్టెంబర్ 30న వస్తే నియామక పత్రాలు అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో ఇచ్చేశారు. ఆ మధ్యలోనే వెరిఫికేషన్. అప్పుడు పాత హెడ్మాస్టర్ ఇల్లెక్కడో వెతుక్కునే టైమ్ ఎవరికీ ఉండదు.