పారిస్‌లో ఐదుగురికి రూము వెతకడమంటే

మే నెలలో పారిస్ పోతున్నామని చెప్పగానే మా వీధిలో అందరూ అన్నది ఒకటే మాట, "మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు కదమ్మా, ఇంక రూము ఖర్చు ఏముంది" అని. ఉన్నాడు, కాదనను, మాస్టర్స్ చదువుతున్నాడు. కానీ వాడి గది తొమ్మిది చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో వంద చదరపు అడుగులు కూడా రాదు. ఫ్రాన్స్‌లో అద్దెకిచ్చే గది కనీసం అంతుండాలని రూలు ఉందంట, వీడికి దొరికింది సరిగ్గా ఆ రూలు అంచున ఉండేది. పాత బిల్డింగుల్లో పైకప్పు కింద ఒకప్పుడు పనిమనుషుల కోసం కట్టిన గదులవి, ఆరో అంతస్తు, లిఫ్టు లేదు, టాయిలెట్ వరండా చివర ఉంటుంది. మంచం మడిస్తేగానీ తలుపు పూర్తిగా తెరుచుకోదు. వీడియో కాల్‌లో ఆ గది చూసి మా అత్తమ్మ "పాపం పిల్లోడు, మనింట్లో పూజగది దీనికన్నా నయం" అనింది.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, పదకొండేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులతో ఉండే అత్తమ్మ. అసలు తిరుపతి వాళ్ళకి రూముల గోల కొత్త కాదు. బ్రహ్మోత్సవాలొచ్చినా వైకుంఠ ఏకాదశొచ్చినా ఎన్నడూ మాట్లాడని చుట్టాలు కూడా ఫోన్ చేసి "కొండ మీద ఒక కాటేజీ చూడమ్మా" అంటారు, కొండ మీద రూములిచ్చే ఆఫీసు సీఆర్వో దగ్గర రిజిస్టర్ చేసుకుని మెసేజ్ కోసం కాచుకోవడం, అక్కడ దొరక్కపోతే కిందికి దిగి విష్ణు నివాసం, శ్రీనివాసం, అదీ లేదంటే ఏదో ఒక లాడ్జి, ఒక్క గది దొరికితే చాలు చాపలేసుకుని ఎనిమిది మంది పడుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. పారిస్‌లో ఈ పప్పులుడకవు. హోటల్ గదికి ఇద్దరని రాసుంటే ఇద్దరే, ముగ్గురంటే ముగ్గురే, ఫైర్ సేఫ్టీ లెక్క అది, మా ఐదేళ్ళోడు కూడా అక్కడ ఒక మనిషే. "పిల్లోడు మా పక్కలోనే పడుకుంటాడండీ" అని మెయిల్ పెడితే చాలా మర్యాదగా కుదరదని జవాబొచ్చింది.

అందుకని మొదట రెండు హోటల్ గదులు చూసినాం. మామూలు త్రీ స్టార్ హోటళ్ళే, రెండు గదులు కలిపి రాత్రికి 260 యూరోల దగ్గర ఆగినాయి, యూరో అప్పుడు వంద రూపాయలకి కొంచెం తక్కువ, అంటే రోజుకి పాతిక వేలు పడకకే. పైగా రెండు గదులూ పక్కపక్కనే ఇస్తామని ఎవరూ రాసివ్వరు. అత్తమ్మనీ పాపనీ నాలుగో అంతస్తులో పెట్టి మేం రెండో అంతస్తులో ఉండేదా? ఐబిస్ బడ్జెట్ లాంటివి రేటు తక్కువే, గదిలో డబుల్ బెడ్డు, దాని పైన అడ్డంగా ఒక బంకు ఉంటుంది, భార్యాభర్తలూ ఒక పిల్లా అయితే నేను కూడా అదే తీసుకోమంటాను, పెద్దవాళ్ళుంటే మాత్రం వద్దు. ఇంకా ఒక సంగతి, మే నెలాఖర్లో రోలాండ్ గారోస్ టెన్నిస్ మొదలవుతుంది, రేట్లు ఇంకా పెరుగుతాయి. మన పిల్లలకి సెలవులు ఇచ్చేది ఏప్రిల్ చివర్లో, మళ్ళీ జూన్ 12కి బడి, మనం వేరే ఎప్పుడు పోతాం చెప్పండి.

అప్పుడు నా లెక్క మార్చుకున్నా. గది రేటు చూడ్డం మానేసి, ఎన్ని మంచాలు, పొయ్యి ఉందా లేదా, లిఫ్టు ఉందా లేదా, రైలు స్టేషన్‌కి ఎంత నడవాలి, ఈ నాలుగే చూడ్డం మొదలుపెట్టినా. ఊరి నడిమధ్యలో ఉండాలి, కిటికీ తెరిస్తే ఈఫిల్ టవర్ కనపడాలి అనే ఆశ అక్కడితో పోయింది, పోయినందుకు బాధ కూడా లేదు.

వంటగది ఉండే చోట్లు రెండు రకాలు. ఒకటి అపార్ట్‌హోటళ్ళు, అడాజియో, సిటాడిన్స్ లాంటివి, రిసెప్షన్ ఉంటుంది, గదిలోనే చిన్న కిచెన్ ఉంటుంది, ఎక్కువ రాత్రులుంటే రేటు తగ్గుతుంది. రెండోది జనం సొంత ఇళ్ళు. ఇక్కడ యాడ్‌లో టీ2 అని రాస్తారు, మనోళ్ళు టూ బీహెచ్‌కే అనుకుంటారు, కాదు, హాలుతో కలిపి రెండు గదులు, అంటే మన సింగిల్ బెడ్‌రూమే. టీ3 అంటే రెండు బెడ్‌రూములూ ఒక హాలూ. "నలుగురు పడుకోవచ్చు" అని రాసుందంటే అందులో ఇద్దరు సోఫా కం బెడ్డు మీద అని అర్థం చేసుకోవాలి, ఆ సోఫా ఫొటో పరిచి తీసింది కాకపోతే పరిచిన ఫొటో అడగాలి. నేను అడిగితే ఒకాయన పంపినాడు, పరిచినాక బాత్రూమ్ తలుపుకి అడ్డంగా వచ్చింది, రాత్రి అత్తమ్మ లేచిందంటే మమ్మల్ని తొక్కుకుంటా పోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన విషయం తమ్ముడు చెప్పినాడు. పారిస్‌లో జనం తాముండే సొంత ఇంటిని టూరిస్టులకి ఎన్ని రాత్రులు పడితే అన్ని రాత్రులు ఇవ్వకూడదు, సంవత్సరానికి 120 రాత్రులని ఉండేది, 2025 నుంచి 90కి తగ్గించినారు. ప్రతి యాడ్‌లోనూ రిజిస్ట్రేషన్ నంబరు కనపడాలి. ఎక్కువ అద్దె వస్తుందని ఇళ్ళన్నీ టూరిస్టులకే పోతే ఊళ్ళో వాళ్ళకి ఇళ్ళు దొరకడం లేదని ఈ కట్టడి, మా తమ్ముడు గది దొరక్క ఎనిమిది నెలలు వాళ్ళ వీళ్ళ సోఫాల మీద తిరిగినోడు కాబట్టి వాడికి ఈ రూలంటే మహా గౌరవం. నేను లింకు పంపడమే ఆలస్యం "అక్కా, నంబరు లేదు, వదిలెయ్" అనేవాడు. "రేయ్, రేటు చూడరా ఎంత బాగుందో" అంటే "అందుకే వదిలెయ్ అంటున్నా" అనేవాడు. వాడి మాట కరెక్టే, నంబరు లేని ఇల్లు ఎప్పుడు క్యాన్సిల్ అవుతుందో తెలీదు. నంబరున్నది ఒకటి ఖాయం చేసుకుంటే కూడా ఓనరు ఏదో పైపు లీకని చెప్పి క్యాన్సిల్ చేసి, మర్నాడు అదే ఇంటిని అవే తేదీలకి ఎక్కువ రేటుతో పెట్టినాడు. డబ్బులు తిరిగొచ్చినాయి, నా బీపీ మాత్రం ఇంకా దిగలేదు.

ఇంక ఎక్కడుండాలి అనేది. పారిస్ 20 వార్డుల ఊరు, మధ్యలో ఒకటి మొదలై నత్తగుల్ల లాగా తిరుగుతా బయటికి 20 దాకా పోతుంది, ఆ గీత దాటితే వేరే మున్సిపాలిటీలు. గీత దాటగానే రేటు పడిపోతుంది, కానీ ఇదివరకు రైలు టికెట్ దూరాన్ని బట్టి పెరిగేది, మిగిలింది అక్కడ పోయేది. 2025 జనవరి నుంచి అది పోయింది, మెట్రో అయినా ఆర్ఈఆర్ అనే లోకల్ రైలయినా ఆ ప్రాంతమంతా ఒక్కటే టికెట్ రేటు చేసినారు, 2025లో అది 2.50 యూరోలు, బస్సుకి 2, ఎయిర్‌పోర్టుకి మాత్రం 13 ఉండేది. అంటే గీత బయట స్టేషన్ పక్కన ఉంటే లోపలున్నవాళ్ళకీ మనకీ రైలు ఖర్చు ఒకటే. ఈ ఒక్క మార్పుతో నా వెతుకులాట సగం తేలికైంది. ఒక జాగ్రత్త, ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీకి ఫిక్సెడ్ రేటు పారిస్ లోపలికే, బయట ఊళ్ళకి మీటరే. వారం పాసు కూడా సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క, గురువారం దిగినవాళ్ళకి దండగ.

మ్యాపు ముందర పెట్టుకుని స్టేషన్లు చూసుకుంటా పోయినా. వాన్సెన్ చాలా బాగుంది, అడవి లాంటి పెద్ద పార్కు, ఆర్ఈఆర్ 'ఏ' అనే లైను మీద అటు ఊళ్ళోకి ఇటు డిస్నీలాండ్‌కి, కానీ రేటు కూడా అంత బాగానే ఉంది. లా షపెల్ మా తమ్ముడి ఫేవరెట్. గార్ దు నోర్ స్టేషన్ వెనకాల శ్రీలంక తమిళుల అంగళ్ళన్నీ అక్కడే, సరవణ భవన్ ఉంది, రూ పజోల్‌లో మాణిక్క వినాయకర్ గుడి ఉంది, వినాయక చవితి రోజుల్లో రథం లాగి వీధిలో కొబ్బరికాయలు కొడతారంట. ఆ పక్కనే పాత రైల్వే షెడ్డుని మార్చి కట్టిన ఈవ్ రొబేర్ యూత్ హాస్టల్ ఉంది, పైకప్పంతా సోలార్ పలకలు. యూత్ హాస్టల్ అంటే కుర్రోళ్ళకేననుకోకండి, నాలుగు పడకల గది మొత్తం ఫ్యామిలీకే తీసుకోవచ్చు, నలుగురైతే మేం అక్కడికే పోయుండేవాళ్ళం. బంకు బెడ్డు నిచ్చెన అత్తమ్మ ఎక్కలేదు, ఐదో మనిషికి ఇంకో గది కావాలి, అక్కడ ఆగిపోయింది.

చివరికి కుదిరింది మోంత్రెయ్‌లో. తూర్పు పక్క గీత దాటగానే ఉండే ఊరు, తొమ్మిదో నంబరు మెట్రో అక్కడే మొదలవుతుంది, అదే రైలు ఎక్కడా మారకుండా ఈఫిల్ టవర్ ఎదురుగా ఉండే త్రొకాదెరో దాకా పోతుంది. నాస్యోఁలో దిగి మారితే డిస్నీలాండ్ రైలు. టీ3 ఇల్లు, రాత్రికి 135 యూరోలు, పైన క్లీనింగ్ ఫీజు 80, పెద్దవాళ్ళు ముగ్గురికీ సిటీ ట్యాక్సు, 18 లోపు పిల్లలకి ఆ ట్యాక్సు లేదు. ఓనరమ్మ స్కూల్ టీచరు, గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టుకుని ఇద్దరం పేజీలకి పేజీలు మాట్లాడుకున్నాం. లిఫ్టు ఉందా అంటే ఉంది అనింది. ఆదివారం తమ్ముడు పోయి చూసి వీడియో పంపినాడు, లిఫ్టు ఉంది నిజమే, కానీ దాని దగ్గరికి పోవాలంటే ఆరు మెట్లెక్కాలి. ఆరు మెట్లేగా అని అత్తమ్మనడిగితే "అలిపిరి మెట్లెక్కినదాన్ని, ఆరు మెట్లకి అడుగుతావా" అని కోప్పడింది. ఎక్కింది ముప్పై ఏళ్ళ కింద, అది వేరే విషయం. ఆ లిఫ్టు ఎంతంటే, అత్తమ్మ, ఆమె కర్ర, ఒక సూట్‌కేసు, అంతే, తలుపు మూసుకోవాలంటే ఆమె కొంగు లోపలికి లాక్కోవాలి. మిగిలిన మేమంతా సామాన్లతో మెట్ల మీద.

వంటగది లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయం. ఐదుగురు బయట కూర్చుని తింటే పూటకి వంద యూరోలు లేస్తాయి, అందులో అత్తమ్మ తినేది బ్రెడ్డు ముక్క. పొయ్యి ఇండక్షన్, మన అల్యూమినియం కుక్కర్ దాని మీద పెడితే ఉలకదు పలకదు, అందుకే నేను గాంధీ రోడ్డులో ఇండక్షన్ అడుగున్న మూడు లీటర్ల స్టీలు కుక్కర్ కొని పట్టుకుపోయినా, ఆ ట్రిప్పులో నేను పెట్టిన అన్ని ఖర్చుల్లో మొదట గిట్టుబాటయింది అదే. ఊరిబిండి పొడి, పప్పుల పొడి, చింతపండు, నిమ్మకాయ ఊరగాయ ఎవరూ ఏమీ అనలేదు. నెయ్యి, పాలకోవా, నాన్‌వెజ్ పచ్చళ్ళు మాత్రం పెట్టుకోకండి, పాలతో, మాంసంతో చేసినవి ఏవీ యూరప్‌లోకి రానివ్వరు. నెయ్యి, కందిపప్పు, కరివేపాకు లా షపెల్‌లో దొరుకుతాయి. తిరగమోత పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, స్మోక్ అలారం మన ఎండుమిరపకాయకి ఒప్పుకోదు. టాయిలెట్లో ట్యాపు ఉండదు, చిన్న చెంబు ఒకటి సూట్‌కేసులో పడేసుకోండి, ఇది ఎవరూ రాయరు, నేను రాస్తున్నా.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని పార్కుల్లో తిన్నాం, అక్కడందరూ గడ్డి మీద కూర్చుని తినేవాళ్ళే. అత్తమ్మకి మెట్రో మెట్లు కష్టమైన రోజు బస్సులో పోయినాం, బస్సులు కిందికి ఉంటాయి, ఎక్కడం దిగడం సులువు, ఊరు కూడా కనపడుతుంది. పాత మెట్రో లైన్లలో లిఫ్టులు ఆశించకండి, 14వ నంబరు లైనులో మాత్రం అన్ని స్టేషన్లకీ ఉన్నాయి, ఓర్లీ ఎయిర్‌పోర్టు దాకా పోయేది అదే. ఇంట్లో మోకాళ్ళ నొప్పులుండే పెద్దవాళ్ళుంటే ఆ లైను పక్కన వెతకమని చెప్తా, ఈసారి పోతే నేనూ అట్లే చేస్తా.

డబ్బులు ఎప్పుడు కట్టాలి అనేది అందరూ అడుగుతున్నారు. ఫ్రాన్స్ పోవడానికి తీసుకునే షెంగెన్ వీసాకి ఎక్కడుంటారో కాగితం చూపించాలి, 30 వేల యూరోల ఇన్సూరెన్స్ చూపించాలి, పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45, అంతకన్నా చిన్నవాళ్ళకి ఏమీ లేదు. వీసా రాకపోతే ఆ ఫీజు రాదు, ఇంటికి కట్టిందీ పోతే రెండు దెబ్బలు. అందుకని సంక్రాంతి కాగానే ఫ్రీ క్యాన్సిలేషన్ ఉండే ఇల్లు పట్టుకున్నాం, మొత్తం ప్రయాణం తేదీలన్నిటికీ, ఐదుగురి పేర్లూ బుకింగ్ కాగితం మీద వచ్చేట్టు, చెన్నైకి పోయి అప్లికేషన్ ఇచ్చింది ఆ కాగితంతోనే. క్యాన్సిల్ చేసుకునే ఆఖరి తేదీ వీసా వచ్చే తేదీ తర్వాత ఉండాలి, అది ఒక్కటీ చూసుకోండి. టైము కూడా చూడండి, అక్కడి అర్ధరాత్రి అంటే మనకి ఎండాకాలంలో తెల్లవారి మూడున్నర, అలారం ఆ లెక్కన పెట్టుకోండి.