ట్రోలింగ్ నోట్సు: మూడో ట్రిప్పు, ఇద్దరు మనుషులు, నాలుగు లైన్లు

ట్రోలింగ్ అంటే నడుస్తున్న పడవ వెనక ఎరలు ఈడ్చుకుపోతూ చేసే చేపల వేట. పోయిన ట్రిప్పులో రెండు ట్యూనాలు తెంచుకుపోయాయి. రెండు సార్లూ లైన్ తెగింది ఒకే చోట, బ్రెయిడూ (అల్లిన ప్రధాన లైన్) లీడరూ (ఎర వైపు ఉండే చివరి లైన్) కలిసే ముడి దగ్గర. చూడగానే ముడిదే తప్పనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే తప్పు డ్రాగ్‌ది, అంటే లైన్ బయటికి పోకుండా పట్టే రీల్ బ్రేకుది. అందుకే ఈసారి పని చాలావరకు ఒడ్డు మీదే, ముందు రోజు సాయంత్రమే జరిగింది.

ముందు రోజు: డ్రాగ్

లైన్ 50 పౌండ్ల బ్రెయిడ్, అంటే సుమారు 22.7 కిలోలు. అందులో మూడో వంతు స్ట్రైక్ డ్రాగ్ (చేప తగిలే వేళకు ఉంచే బిగువు), అంటే ఏడున్నర కిలోలు. చేత్తో లాగి చూసి అంచనా కట్టడం వద్దే వద్దు. నాలుగు కిలోల లాగుడు కూడా చేతికి పదిలా అనిపిస్తుంది. ఒకరు రాడ్‌ను 45 డిగ్రీల వాలులో పట్టుకోవాలి, రెండోవారు లైన్ చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి నడుస్తూ లాగాలి. స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే డ్రమ్ము) కదిలిన క్షణంలో ముల్లు చూపే అంకె కాదు, తిరుగుతూ ఉన్నప్పుడు నిలకడగా చూపే అంకె ముఖ్యం. ఈ రెండింటికీ బాగా తేడా ఉంటే లోపల డ్రాగ్ వాషర్లు అతుక్కుంటున్నట్టు. చేప మొదటి పరుగులో లైన్ తెగేది అలాంటి రీల్‌తోనే. లివర్ డ్రాగ్ రీల్ (డ్రాగ్‌ను లివర్‌తో మార్చేది) అయితే, బిగువు ఎంతో ముందే నిర్ణయించే ప్రీసెట్ నాబ్‌ను లివర్ ఫ్రీలో, అంటే డ్రాగ్ పట్టని చోట, ఉన్నప్పుడే తిప్పాలి.

అసలు కిటుకు స్పూల్ వ్యాసంలో ఉంది. వాషర్లు స్పూల్ తిరగకుండా పట్టే బలం మారదు. కానీ లైన్ బయటికి పోయేకొద్దీ స్పూల్ మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగానికి వస్తే లైన్ మీద పడే లాగుడు రెట్టింపవుతుంది. లివర్ ముట్టుకోకుండానే ఏడున్నర కాస్తా పదిహేను కిలోలు! దానికి తోడు నీళ్లలో విల్లులా వంగి ఈడ్చుకొచ్చే లైన్‌ను నీళ్లు వెనక్కి పట్టే బలం. ముడి బలం ఎలాగూ లైన్ బలం కన్నా ఒక మెట్టు తక్కువే. చేప దూరంగా పరుగు తీస్తుంటే చెయ్యి తనంతట తానే డ్రాగ్ బిగించబోతుంది. చేయాల్సింది దానికి పూర్తిగా విరుద్ధం: చుట్ట సన్నబడుతుంటే లివర్ కొంచెం వెనక్కి లాగాలి. పోయిన ట్రిప్పులో తెగిన రెండూ ఇలాగే, బిగించిన మరుక్షణం తెగాయి.

ముడికి బ్రెయిడ్‌ను లీడరు చుట్టూ అల్లే ఎఫ్‌జీ ముడే వేశాం, మొత్తం ఇరవై చుట్లు. బిగించే ముందు తప్పనిసరిగా తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి లీడరు పైపొర దెబ్బతింటుంది. బ్రెయిడ్ లీడరులోకి కరుచుకుని రంగు ముదిరేదాకా, గ్లవుజులు వేసుకుని లాగాలి. ఆ ముదురు రంగు కనపడకపోతే ముడి కూర్చోలేదన్నమాట, కోసేసి మళ్లీ వేయడమే. స్పూల్ మీద మొదట కొన్ని మీటర్ల మోనో (ఒకే పోగు లైన్) చుట్టి దాని మీద బ్రెయిడ్ వేయాలి. లేకపోతే స్పూల్ ఆగినా బ్రెయిడ్ మొత్తం చుట్ట దాని మీద జారి తిరుగుతుంది.

బయలుదేరే ముందు

ఇంధనం మూడు వంతులు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకుండా ఒకటి. వీహెచ్‌ఎఫ్ రేడియోను 16వ ఛానెల్‌లో (ఆపద పిలుపుల ఛానెల్) పెట్టాలి. ఇద్దరే ఉన్న పడవలో ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడు చుక్కాని దగ్గరి మనిషికి కట్టి ఉండాలి. అది కట్టకుండా అతను నీళ్లలో పడితే పడవ రెండో మనిషితో ముందుకు పోతూనే ఉంటుంది, అదే పెద్ద ప్రమాదం. సముద్రపు వికారానికి మాత్ర కనీసం గంట ముందు వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు.

నీళ్ల మీద

వేగం ఏడు నాట్లు. లైన్లు వేసేటప్పుడు దూరానివి ముందు, దగ్గరివి తర్వాత. తీసేటప్పుడు దగ్గరివి ముందు. దగ్గరి రెండు ఎరలు పడవ వెనక లేచే రెండో, మూడో అలల ముందు వాలు మీద, దూరపువి ఐదో అల ప్రాంతంలో. ఎర నీళ్లలోకి దిగి, వెనక బుడగల తోక వదిలి, కాసేపటికి పైకి వచ్చి గాలి మింగి మళ్లీ దిగాలి. మాటిమాటికీ గాల్లోకి ఎగురుతుంటే వేగం ఎక్కువ, లేదా లైన్ మరీ ఎత్తునుంచి పోతోంది. వేగం అర నాట్ తగ్గించినా చాలు. గిరగిరా తిరుగుతుంటే గాలం ఎర మధ్యగీత మీద లేదన్నమాట. అది సరిచేయకపోతే గంటలో లైన్ మొత్తం మెలికపడుతుంది.

ప్రతి ఇరవై నిమిషాలకు లైన్లన్నీ చూడాలి. గాలానికి చారెడు నాచు తగులుకున్నా ఆ ఎర ఇక చచ్చినట్టే. మలుపులు వెడల్పుగా తీసుకోవాలి. ఇరుకు మలుపులో లోపలి వైపు ఎరలు మునిగి బయటి లైన్లతో చిక్కుపడతాయి.

చేప తగలగానే ఇంజన్ తగ్గించవద్దు. ఐదారు సెకన్లు అదే వేగంలో పోనిస్తే గుంపులోని ఇంకో చేప పక్క ఎరను పట్టే అవకాశం బాగా ఉంటుంది. ఈసారి రెండు జోడీలు ఇలాగే వచ్చాయి. తర్వాత వేగం తగ్గించి, చుక్కాని మనిషే ఒక్కొక్కటిగా మిగతా లైన్లు చుట్టేయాలి. రాడ్ పట్టిన మనిషి దానిమీద నుంచి చెయ్యి తీయకూడదు. పడవ మెల్లగా ముందుకు సాగుతూ ఉంటే లైన్ వెనక మూలనే ఉంటుంది, పడవ అడుగు కిందికి పోదు. చివర్లో ట్యూనా కింద గుండ్రంగా తిరుగుతుంది. తల మన వైపు తిరిగినప్పుడే లైన్ చుట్టుకోవాలి, అటు తిరిగినప్పుడు పట్టుకుని ఉండాలి, అంతే. లీడరును చేతికి చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఐసు

పెనుగులాటలో ట్యూనా ఒళ్లు వేడెక్కుతుంది. ఆ వేడి లోపలే ఉండిపోతే మాంసం పాలిపోయి పుల్లబారుతుంది. అందుకే పడవలోకి రాగానే పక్కరెక్క మొదలు నుంచి నాలుగు వేళ్లు వెనకగా, రెండు వైపులా చిన్న గాటు పెట్టి, మొప్పల దగ్గర కూడా కోసి రక్తం వదిలించాలి. ఆ తర్వాత రెండు పాళ్ల ఐసుకు ఒక పాలు సముద్రపు నీళ్లు కలిపిన జావలో పూర్తిగా ముంచాలి. ఉత్త ఐసు ముక్కల మీద పెడితే చేపకూ ఐసుకూ మధ్య గాలి మిగిలి, నడుము భాగం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. వెచ్చదనంలో పుట్టే హిస్టమిన్ అనే హానికర పదార్థం వంట చేసినా పోదు.

దిబ్బల దగ్గర పడిన పెద్ద బారకూడాను మాత్రం వదిలేశాం. ఉష్ణమండల దిబ్బల చేపల్లో సిగువటెరా విషం ఉండవచ్చు. రుచిలో, వాసనలో తెలియదు, ఉడికించినా గడ్డకట్టించినా పోదు.

తిరిగి వచ్చాక

రీళ్లను మంచినీళ్లతో, సన్నటి ధారతో కడగాలి. గట్టి ధార ఉప్పును లోపలికే నెడుతుంది. కడిగేటప్పుడు డ్రాగ్ బిగించి ఉంచి, ఆరాక ఫ్రీకి వదలాలి, లేకపోతే వాషర్లు నొక్కుకుపోతాయి. కుడి మూల రీల్ కదిలేటప్పుడు తొమ్మిది, తిరిగేటప్పుడు ఏడు చూపింది. వచ్చే ట్రిప్పుకు ముందు దాన్ని విప్పి, వాషర్లు తుడిచి, డ్రాగ్ గ్రీజు పలచగా పూసి, మళ్లీ త్రాసుకు కట్టాలి.